బల్ల మీది గిన్నె

చేపల వేలం జోరు మీద ఉంది. ఐసు ముక్కలు తొక్కుకుంటూ, తట్టలు మోసే ఆడవాళ్ళకి దారి ఇస్తూ అర్జునరావు ఫిషింగ్ హార్బర్ చివరి టీ బడ్డీకి చేరేసరికి, కలవాల్సిన మనిషి అప్పటికే బెంచీ మీద ఉన్నాడు. పేరు అప్పలరాజు. బోటు ఇంజను డ్రైవరు. ఈమధ్యే ఒక విదేశీ బోటులో పనికి కుదిరాడు. ఆ బోటులో ఎవరేం మాట్లాడుకుంటున్నారో విని చెప్పడం అతని అసలు పని.

అర్జునరావు బెంచీకి రెండో చివర కూర్చున్నాడు. గళ్ళ లుంగీ, చెవి మీద బీడీ. ఎవరు చూసినా చేపల మారుబేరగాడనే అనుకుంటారు.

"సింహాచలంలో సంపెంగలు దొరుకుతన్నాయా బావ?" అన్నాడు సముద్రం వైపు చూస్తూ.

దొరుకుతున్నాయి గానీ వాసన లేదు అని జవాబు రావాలి. రాలేదు.

తిరిగి చూశాడు. టీ గ్లాసు పట్టుకున్న అప్పలరాజు వేళ్ళు నీలంగా ఉన్నాయి. పెదాలు కూడా.

"టేబుల్ కాడంట బావ." అప్పలరాజు గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "ఇయాలే. టేబుల్ కాడ ఇద్దర్నీ సంపేత్తారంట. బోటులో అనుకుంతంటే నాను ఇన్నాను."

"ఎవులు సంపుతారు?"

"లోపలోలే..."

తల వాలిపోయింది. అలసిపోయిన మనిషి పక్కవాడి భుజం మీద కునుకు తీసినట్టు, అప్పలరాజు అర్జునరావు భుజం మీద చచ్చిపోయాడు. వేలం పాట ఆగలేదు. వంజరం తట్టకి ఎవరో కొత్త రేటు కేకేశారు.

అర్జునరావు అతని చేతిలోంచి గ్లాసు మెల్లిగా తీసుకున్నాడు. టీ సగం తాగి ఉంది. గ్లాసు అంచు చుట్టూ మాత్రం పల్చగా జిగురు రాసినట్టు మెరుపు. రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. బడ్డీ వాణ్ణి పిలిచి, "ఈనికి బాగున్నట్టు లేదు, అంబులెన్స్‌కి ఫోన్ కొట్టు బావ" అని చెప్పి, జనంలో కలిసిపోయాడు.

పోర్టులో పేర్చిన ఖాళీ కంటైనర్ల వెనక ఒక కూరగాయల వ్యాను ఆగి ఉంది. లోపల కూరగాయలు లేవు. మూడు మానిటర్లు, ఒక వైర్‌లెస్ సెట్, చీఫ్ భీమశంకరరావు ఉన్నారు. ఆయన లవంగం నములుతూ మాట్లాడతారు. బ్రీఫింగ్ ఎప్పుడూ పొడిపొడిగానే ఉంటుంది.

"కసోరా, బెలాంత. రెండు ద్వీప దేశాలు. ఒకటే చర్చి, ఒకటే భాష. ఒక దీవి కోసం రెండు తరాలుగా చంపుకుంటున్నారు. ఆ దీవి పేరు తలోని. ఇప్పుడు దాన్ని కసోరా వదిలేస్తుంది. బదులుగా బెలాంత తన మిసైల్ బోట్లని జలసంధిలోంచి తీసేస్తుంది. భూమి ఇచ్చి శాంతి కొనుక్కోవడం. మధ్యాహ్నం సంతకాలు."

"ఇక్కడా సార్?"

"యారాడ కొండ మీద. పాత మిషన్ బంగళాలో. కసోరా మంత్రి ఒల్వెన్, బెలాంత జనరల్ తమూర్. బయటికి మాత్రం ఉక్కు కొనడానికొచ్చిన బేరగాళ్ళు. నిన్న స్టీల్ ప్లాంటు కూడా చూసొచ్చారు."

"వైజాగే ఎందుకు?"

"రెవరెండ్ గవర్రాజు గారి వల్ల. భీమిలి మనిషి. వయసంతా తలోనిలో మిషనరీగా గడిపి వచ్చాడు. ప్రపంచంలో ఆ ఇద్దరూ నమ్మే మనిషి ఆయనొక్కడే." చీఫ్ మానిటర్ వైపు తిరిగారు. "ఈ శాంతి గిట్టనివాళ్ళు హార్పూన్ ముఠా. ఇద్దరికీ ఆయుధాలు అమ్మేది వాళ్ళే. మన గడ్డ మీద రాయబారులిద్దరూ చస్తే, ఆ యుద్ధం మన గుమ్మంలో మొదలైనట్టు. జలసంధి మూసుకుపోతే ఈ పోర్టుకి బొగ్గు ఓడలు రావు. ఫర్నేసులు చల్లారతాయి. అర్థమైందా?"

"లోపలివాళ్ళే చంపుతారన్నాడు అప్పలరాజు."

"లోపల మనకీ ఒక మనిషి ఉంది." మానిటర్ మీద ఒక ముఖం వెలిగింది. నల్ల కళ్ళద్దాలు పైకి నెట్టి నవ్వుతున్న యువతి. "నయోమి. కసోరా తరఫు ఇంటర్‌ప్రెటర్. తలోనిలో పుట్టింది. పాస్టరు గారి హాస్టల్లో పెరిగి, ఇక్కడ విశాఖలో చదువుకుంది. తెలుగు నీకంటే బాగా మాట్లాడుతుంది. రెండేళ్ళుగా మనకి సమాచారం ఇస్తోంది. కోడ్ నేమ్ నెమలి."

అర్జునరావు ఆ ముఖాన్ని చూశాడు. అందం కళ్ళకి కనబడుతూనే ఉంది. కానీ అతని భుజం మీద అప్పలరాజు తల బరువు ఇంకా దిగలేదు.

"సెక్యూరిటీ ఎవరిది సార్?"

"వాస్కర్ అని ఒక విదేశీ కల్నల్. ఇద్దరూ కలిసి అద్దెకి తెచ్చుకున్నారు. మన పోలీసులు కొండ దిగువనే ఆగాలి. అతని మనుషులవి తప్ప లోపలికి తుపాకీ వెళ్ళదు, ఫోను పనిచెయ్యదు. నువ్వు బంగళా వాచ్‌మన్ ప్రకాశానివి." చీఫ్ ఒక చెక్క సిలువ చేతిలో పెట్టారు. "మెడలో వేసుకో. లోపల కెమెరా. ఈ చిన్న ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకో. జామర్ లేనంతసేపు చూస్తుంటాను."

అర్జునరావు లేవబోయాడు. చీఫ్ ఆపారు.

"మీ అన్న సంగతి నాకు తెలుసు. ఈ పని నీకు ఇష్టం ఉండదని కూడా తెలుసు."

"ఇష్టంతో ఏం పని సార్," అన్నాడు అర్జునరావు.

కొండ రోడ్డు ఎక్కుతుంటే ఒక పక్క పోర్టు, ఇంకో పక్క సముద్రం, దూరాన స్టీల్ ప్లాంటు పొగగొట్టాలు. ఆకాశం సీసం రంగులో ఉంది. గాలి లేదు. సముద్రం మీద పడవలన్నీ కదలకుండా ఉన్నాయి. ఒక తెల్లటి బోటు మాత్రం ఛానల్ బయట లంగరు వేసి, ముక్కు కొండ వైపు పెట్టుకుని కూర్చుంది. అప్పలరాజు పనిచేసిన హార్పూన్ వాళ్ళ బోటు అదే.

గేటు దగ్గర వాస్కర్ స్వయంగా నిలబడి ఉన్నాడు. బూడిద రంగు సూటు, బూడిద రంగు కళ్ళు. అర్జునరావుని తల నుంచి పాదాల దాకా తడిమాడు. రుమాల్లో చుట్టిన టీ గ్లాసు వాచ్‌మన్ సామానే అనుకున్నాడు. సిలువని వేళ్ళతో తిప్పి చూసి వదిలేశాడు.

"భక్తుడివా?" అన్నాడు ఇంగ్లీషులో.

అర్జునరావు అర్థం కానట్టు నవ్వాడు. వాస్కర్ నవ్వలేదు.

బంగళా చిన్నది. ముందు వరండా, వెనక వంటిల్లు, మధ్యలో హాలు. హాలుకి ఆనుకుని రాతి గోడల చిన్న చాపెల్. హాలు మధ్యలో టేకు మేజా మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి ఉంది. సంతకాలు పెట్టేది అక్కడే. మేజాకి చెరో పక్కా చెరో జెండా.

కార్లు వచ్చాయి. మంత్రి ఒల్వెన్ సన్నగా, వంగిపోయినట్టున్నాడు. జనరల్ తమూర్ పొట్టి, బలిష్ఠుడు, ఒక చెవి సగమే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా లోపలికి నడిచారు. వెనక నయోమి దిగింది. నెమలికంఠం రంగు పట్టుచీర, ఎర్రటి పెదాలు. ఆమె నడుస్తుంటే వాస్కర్ మనుషులు కూడా తుపాకుల మీద చూపు మరిచారు.

వరండా స్తంభం పక్కన ఒక్క క్షణం ఆగి, చెప్పు సర్దుకుంటున్నట్టు వంగింది.

"సంపెంగలు దొరుకుతాయా?" అన్నాడు అర్జునరావు చీపురు కదుపుతూ.

"దొరుకుతాయి గానీ వాసన లేదు." తెలుగులో తడబాటు లేదు. "ఏం తెలిసింది?"

"టేబుల్ దగ్గర అన్నారు."

ఆమె చెప్పు సర్దుకోవడం పూర్తయింది. "అయితే సంతకాల బల్లే. కింద చూడు. వాళ్ళు కాఫీకి వరండాలోకి వస్తారు. నేను మాటల్లో పెడతాను."

అన్నట్టే చేసింది. వరండాలో ఆమె నవ్వు వినిపిస్తుంటే, అర్జునరావు నేల తుడిచే గుడ్డతో మేజా కిందకి దూరాడు. అక్కడ ఉంది. సబ్బుబిళ్ళంత ప్లాస్టిక్ డబ్బా, ఎర్ర దీపం, రెండు వైర్లు. గోళ్ళతోనే డిటొనేటర్ ఊడదీశాడు. దీపం ఆరింది. డబ్బాని బకెట్లో మురికినీళ్ళలో ముంచి బయటికి మోసుకొచ్చాడు.

చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు గరగరమంది. "చూశాను. శభాష్. పని అయిపోయినట్టే." అంతలోనే గరగర కూడా ఆగిపోయింది. వాస్కర్ జామర్ ఆన్ చేశాడన్నమాట.

పని అయిపోయినట్టే. మరి చెమట ఎందుకు ఆరడం లేదో అర్జునరావుకి అర్థం కాలేదు. డబ్బా చాలా సులువుగా దొరికింది. వైర్లు చాలా సులువుగా ఊడాయి. టీ గ్లాసు అంచుకి విషం రాయగలిగినవాళ్ళు, బాంబుని పిల్లలు దాచుకున్న బెల్లం ముక్కలా మేజా కింద అంటిస్తారా?

బకెట్ పెరట్లో పెట్టి, వెనక అరుగు మీదకి వచ్చాడు. అక్కడ రెవరెండ్ గవర్రాజు గారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. తెల్ల పంచె, తెల్ల లాల్చీ, ఎండకి నల్లబడిన ముఖం. సముద్రం వైపు చూస్తున్నారు.

"రా నాయనా. కూర్చో. నువ్వు వాచ్‌మన్‌వి కాదని తెలుసు. చీపురు ఎడం చేత్తో పట్టుకుని కుడివైపు ఊడుస్తున్నావు."

అర్జునరావు మెట్టు మీద కూర్చున్నాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీకు సరిగ్గానే అనిపిస్తోందా అయ్యగారూ?"

"నీకెలా అనిపిస్తోంది?"

"మా అన్న తిరుమలరావు సిపాయి. ఒక కొండ కోసం చచ్చిపోయాడు. తర్వాత పెద్దలు కూర్చుని ఆ కొండని అవతలివాళ్ళకి వదిలేశారు. అప్పుడూ శాంతి అనే అన్నారు. మా అమ్మ ఒక్కటే అడిగింది. అక్కర్నేని కొండకి నా కొడుకునెందుకు పంపినార్రా అని. నా దగ్గర జవాబు లేదు."

పాస్టరు గారు వెంటనే ఓదార్పు మాట ఏదీ చెప్పలేదు. అది అర్జునరావుకి నచ్చింది.

"బైబిలు వాక్యంలో ఇస్సాకు అని ఒకాయన ఉన్నాడు," అన్నారు చివరికి. "బావి తవ్వుకున్నాడు. పక్కవాళ్ళు వచ్చి నీళ్ళు మావన్నారు. వదిలేసి ముందుకెళ్ళి ఇంకోటి తవ్వాడు. దానికీ తగువుకొచ్చారు. అదీ వదిలేశాడు. మూడో బావికి ఎవరూ రాలేదు. శత్రువులే వెతుక్కుంటూ వచ్చి రాజీ పడ్డారు. కలిసి భోంచేశారు."

"అంటే ఇచ్చెయ్యమనే కదా."

"ఆగు. నాబోతు అని ఇంకొకాయన ఉన్నాడు. రాజు ఆయన ద్రాక్షతోట అడిగాడు. ఇంతకంటే మంచి తోట బదులిస్తానన్నాడు. మా తాతముత్తాతలది, ఇవ్వనన్నాడు నాబోతు. చంపించి తీసుకున్నారు. దేవుడు బావి ఇచ్చినవాణ్ణీ తప్పు పట్టలేదు, తోట ఇవ్వనివాణ్ణీ తప్పు పట్టలేదు. ఎందుకంటే ఇద్దరూ తమ సొంతం గురించే మాట్లాడారు. ఇంకొకడి తోట తీసి ఇచ్చి శాంతి పొందినవాడు మాత్రం నాకెక్కడా కనబడలేదు."

"తలోని ఎవరి సొంతం?"

"అక్కడ వలలు ఎండేసుకునేవాళ్ళది. వాళ్ళని కసోరా అడగలేదు, బెలాంత అడగలేదు. మా ఆవిడ సమాధి అక్కడే ఉంది నాయనా. రేపు ఆ తీరానికి నన్ను రానివ్వకపోవచ్చు. నా వాటా వరకు నేను వదిలేశాను. వాళ్ళ వాటా వదిలెయ్యడానికి నేనెవర్ని? అదే ఆ ఇద్దరికీ ఎలా చెప్పాలా అని కూర్చున్నాను." ఆయన లేచారు. "పద. బల్లకి వేళయింది."

"సంతకాలకి ఇంకా టైముంది కదండీ."

"సంతకాల మేజా కాదు. ముందు చాపెల్లో ఆరాధన ఉంది. ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం. ఇద్దరూ ఒకే గిన్నెలో తాగి, ఆ తర్వాతే సంతకాలు. మాకు బల్ల అంటే అదొక్కటే. ఇంగ్లీషులోనూ టేబులే అంటారు."

అప్పలరాజు నీలం వేళ్ళు అర్జునరావు కళ్ళ ముందు కదిలాయి.

వంటింట్లోకి పరిగెత్తాడు. వంటమనిషి అసిరమ్మ పెనం దించుతోంది. యారాడ పల్లె మనిషి. పాస్టరు గారింట్లో ఎన్నాళ్ళుగానో వంట చేస్తోంది.

"ద్రాచ్చరసం ఏదమ్మా?"

"అదిగో. నానే కాసినాను. ఏటి బాబూ అలాగున్నావు?"

వేలికి చుట్టుకున్న బ్యాండేజీ విప్పి, అందులోని టెస్ట్ పేపరు రసంలో ముంచాడు. రంగు మారలేదు. రొట్టెకి అద్దాడు. మారలేదు.

"ఎవులైనా ముట్టుకున్నారా?"

"ముట్టుకోనిత్తానా? దేవుడి బల్లకి ఎల్లేది. గిన్నె మాత్రం నా కాడ లేదు. ఆ దీవిదంట, సెక్క గిన్నె. నయోమమ్మ తెచ్చినాది. ఆ తెల్లోడు పెట్టిలో పెట్టి సీలు ఏసీసినాడు. బల్ల కాడే తీత్తాడంట."

రసంలో లేదు. గిన్నె అంచుకి ఉంది. టీ గ్లాసుకి ఉన్నట్టే.

గిన్నె తెచ్చింది నయోమి. దాచింది వాస్కర్. మేజా కింద చూడమన్నది కూడా నయోమి. అయినా ఇద్దరూ దోషులో, ఇద్దరిలో ఒకరో, చేతిలో రుజువు లేదు. వాచ్‌మన్ వేషంలో ఉన్న భారత ఏజెంటు, ఇద్దరు రాయబారుల ముందు వాళ్ళ సొంత మనుషుల మీద నింద వేస్తే ఏమవుతుంది? రాయబారులు లేచి వెళ్ళిపోతారు. ఒప్పందం చస్తుంది. హార్పూన్‌కి కావలసింది అదే.

చాపెల్ గుమ్మంలో పాస్టరు గారిని ఆపి చెవిలో చెప్పాడు. ఆయన విన్నారు. ముఖంలో ఏమీ కదలలేదు.

"వేరే గిన్నె పెట్టించండి అయ్యగారూ."

"ఈ గిన్నె మారిస్తే ఈ పూట గడుస్తుంది. రాసిన చెయ్యి ఎవరిదో తెలియదు. అది రేపు ఇంకోచోట రాస్తుంది." ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. "తలోని పద్ధతిలో ఆరాధన జరిపే సేవకుడు ఆఖరున తాగాలి. ఈరోజు ముందు నేను తాగుతానంటాను. ఆ మాటకి ఎవరి ముఖం మారుతుందో చూడు. చూడటం నీ పని."

"ఎవరి ముఖమూ మారకపోతే?"

పాస్టరు గారు అప్పటికే లోపలికి అడుగు పెట్టారు.

చాపెల్లో రెండు బల్లపీటలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి. ఒక దాని మీద ఒల్వెన్, ఇంకో దాని మీద తమూర్. మధ్యలో తెల్లగుడ్డ పరిచిన చిన్న బల్ల. బల్ల పక్కన నయోమి, పాస్టరు గారి తెలుగుని వాళ్ళ భాషలోకి మార్చడానికి. గోడ వారగా వాస్కర్. అర్జునరావు అసిరమ్మతో పాటు రసం కూజా మోసుకొచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు.

వాస్కర్ సీలు తెంచి, నల్లటి చెక్క గిన్నెని బల్ల మీద పెట్టాడు. చేతులకి గ్లవ్స్ ఉన్నాయి. తెల్లటి, మర్యాద కోసం వేసుకున్నట్టుండే గ్లవ్స్.

పాస్టరు గారు ప్రార్థన చేశారు. రొట్టె విరిచారు. గిన్నెలో రసం పోశారు. ఒక్కో వాక్యం నయోమి గొంతులో ఇంకో భాషగా మారి, రాతి గోడలకి తగిలి తిరిగొస్తోంది. కింద ఛానల్లోకి వస్తున్న ఓడ ఒకటి హారన్ మోగించింది. ఆ శబ్దం చాలాసేపు కొండలో ఉండిపోయింది.

"ఈ గిన్నె తలోని వాళ్ళది," అన్నారు పాస్టరు గారు. నయోమి మార్చి చెప్పింది. "తలోని మీ ఇద్దరిలో ఎవరి చేతిలో ఉండాలో మాట్లాడుకోవడానికి వచ్చారు. శాంతికి ఖరీదు ఉంటుంది. కానీ ఆ ఖరీదు ఎవరి సొంతంలోంచి వాళ్ళు కట్టాలి. ఇంకొకరి ఇంట్లోంచి తీసి కట్టకూడదు." నయోమి గొంతు కాస్త సన్నబడింది, కానీ చెప్పింది. ఒల్వెన్ తల దించుకున్నాడు. తమూర్ దవడ బిగిసింది.

"నాది అని చెప్పుకోవడానికి నా దగ్గరున్నది ప్రాణం ఒక్కటే. అందుకని ఈరోజు పద్ధతి మారుస్తున్నాను. ముందు నేను తాగుతాను."

అందరూ నయోమి వైపు చూశారు. ఆమె పెదాలు విడ్డాయి. మాట రాలేదు. వాస్కర్ గొంతు సవరించుకున్నాడు. అయినా ఆమె మార్చి చెప్పలేదు. పాస్టరు గారినే చూస్తోంది. ఎర్ర పెదాల వెనక ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

ముఖం దొరికింది. ఇంక గిన్నె దించెయ్యవచ్చు. అర్జునరావు పాస్టరు గారికి తల ఊపి సైగ చేశాడు. ఆయన అటు చూడలేదు. గిన్నె రెండు చేతులతో ఎత్తారు. నిజంగానే తాగబోతున్నారని అర్జునరావుకి అప్పుడు అర్థమైంది. అతను చేసిన తప్పు అదే. ఆ మాట ఆయన పన్నిన వల అనుకున్నాడు. ఆయనకి అది మాటే.

గిన్నె అంచు పెదాలకి వేలెడు దూరంలో ఉంది.

"అయ్యగారూ, వద్దు." ఆ కేక నయోమిది.

ఆమె చెయ్యి గాల్లో మెరిసింది. గిన్నె ఎగిరి, గోడకి తగిలి, రసం తెల్లగుడ్డ మీద చిందింది. అదే క్షణంలో వాస్కర్ కోటు లోపల్నుంచి పిస్తోలు తీశాడు. గురి పాస్టరు గారి మీద కాదు. రాయబారుల మీద.

అర్జునరావు కూజాని విసిరేసి, అప్పటికే ఖాళీ అయిన దగ్గరలోని బల్లపీటని బలమంతా పెట్టి తన్నాడు. దాని చివర వాస్కర్ మోకాళ్ళకి తగిలింది. గుండు పైకప్పుకి పోయి పెంకులు రాలాయి. రెండో గుండు పేలేలోపు అర్జునరావు అతని మీద ఉన్నాడు. ఇద్దరూ నేల మీద దొర్లారు. పిస్తోలు గొట్టం అర్జునరావు చెంప కిందకి వచ్చింది. వాస్కర్ వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తోంది.

ఠంగుమని చప్పుడైంది. వాస్కర్ వేళ్ళు వదులయ్యాయి. అసిరమ్మ రసం కూజాని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది.

"ఇత్తడిది," అంది. "సొట్ట పడిపోనాది."

వాస్కర్ చేతులు వెనక్కి విరిచి కట్టేశాక అర్జునరావు తలెత్తి చూశాడు. ఒక దృశ్యం అతనికి చాలాకాలం గుర్తుండిపోయింది. జనరల్ తమూర్ నేల మీద బోర్లా పడి ఉన్నాడు. అతని కింద, అతని ఒంటి చాటున, మంత్రి ఒల్వెన్ ఉన్నాడు. తుపాకీ చూడగానే జనరల్ ఆలోచించకుండా చేసిన పని అది. ఎవరిని కాపాడుతున్నాడో అతనికి తర్వాత తట్టి ఉంటుంది. ఇద్దరూ లేచి, దుమ్ము దులుపుకుంటూ, ఒకరినొకరు మొదటిసారి చూసుకున్నారు.

జనరల్ మాట మీద వాస్కర్ మనుషులు తుపాకులు కింద పెట్టి, జామర్ ఆపేశారు. కొండ దిగువ నుంచి పోలీసు జీపులు బయల్దేరాయి. ఛానల్ బయట తెల్ల బోటు లంగరు ఎత్తబోయింది గానీ, కోస్ట్ గార్డ్ బోట్లు రెండు దానికి చెరో పక్కా చేరాయి.

నయోమి బల్ల దగ్గరే నేల మీద కూర్చుండిపోయింది.

"జ్వరం వస్తుందన్నాడు వాస్కర్," అంది తెలుగులో, ఎవరితోనో తెలియకుండా. "ఇద్దరికీ జ్వరం తగిలితే సంతకాలు వాయిదా పడతాయన్నాడు. అంతే అనుకున్నాను. ఇద్దరూ పడిపోగానే అయ్యగారి వంతు రాకుండా ఆగిపోతుందనుకున్నాను. బాంబు కూడా ఉత్తిదే, నిన్ను అటు తిప్పడానికి."

"ఇదే జ్వరం పొద్దున అప్పలరాజుకి తగిలింది," అన్నాడు అర్జునరావు.

ఆమెకి ఆ పేరు తెలియదని ఆమె ముఖంలోనే తెలిసింది. అర్జునరావు రుమాల్లోని టీ గ్లాసు తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"మా నాన్న ఆ దీవి తీరంలో ఇల్లు కట్టాడు," అంది. "నా మనుషుల్ని సరుకులా చేతులు మారుస్తుంటే, ఆ మాటలన్నీ నేనే నా నోటితో ఈ భాషలోంచి ఆ భాషలోకి మార్చాను. ఒక్కసారైనా ఎవరైనా అడిగారా మమ్మల్ని?" ఆ చివరి వాక్యం ఆమె తన భాషలో మళ్ళీ చెప్పింది. ఒల్వెన్ విన్నాడు. తమూర్ విన్నాడు.

పాస్టరు గారు వంగి ఆమె తల మీద చెయ్యి పెట్టారు. "నీ ప్రశ్న న్యాయమైంది తల్లీ. నువ్వు పట్టుకున్న చెయ్యి కాదు." పోలీసులు వచ్చి తీసుకెళ్ళేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

తర్వాత ఆయన అరుగు మీదకి వచ్చి కూర్చున్నారు. అర్జునరావు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. అసిరమ్మ కడిగిన స్టీలు గ్లాసులో.

"నిజంగానే తాగేవారా అయ్యగారూ?"

"భయం వేసింది నాయనా. ఇంకొంచెం ఆలస్యమైతే గిన్నె దించేసేవాణ్ణేమో." నీళ్ళు తాగారు. "మీ అమ్మగారికి నా దగ్గరా జవాబు లేదు. కానీ ఆ కొండ ఇచ్చేముందు పెద్దలు ఆమె దగ్గరికి వచ్చి ఒక్కమాట అడిగి ఉండాల్సింది. అది మాత్రం నాకు తెలుసు."

అన్న పోయిన తర్వాత ఆ సంగతి ఎవరైనా ఆ మాత్రం అనడం ఇదే మొదలు. అర్జునరావు సముద్రం వైపు తిరిగాడు.

సాయంత్రం కూరగాయల వ్యానులో చీఫ్ రిపోర్టు అడిగారు. అప్పలరాజు ఇంటికి తనే వెళ్ళి చెప్పొచ్చానని అర్జునరావు చెప్పాడు. అది రిపోర్టులో రాయరని తెలిసినా ముందు అదే చెప్పాడు. చీఫ్ తల ఊపి, లవంగం దవడ మార్చుకున్నారు.

"సంతకాలు?"

"కాలేదు సార్. ముందు ఇద్దరూ తలోని వెళ్ళి అక్కడి జనాన్ని అడుగుతామన్నారు."

"అంటే ఒప్పందం లేదు, శాంతి లేదు. ఢిల్లీకి ఏమని చెప్పను? ఎయిర్‌పోర్టుకి వెళ్ళేటప్పుడు కనీసం సఖ్యంగా ఉన్నారా?"

"లేదు సార్. తలోని వాళ్ళని ముందు ఎవరు అడగాలని దారి పొడుగునా పోట్లాడుకుంటూనే వెళ్ళారు." అర్జునరావు మెడలోని చెక్క సిలువ తీసి మానిటర్ పక్కన పెట్టాడు. "కాకపోతే, ఒకే కారులో."